వెంట ఎవరొచ్చారు?

మూడేళ్ల కిందట డాక్టర్ నాకు ఎండోస్కోపీ రాశారు. పరగడుపున, మంచినీళ్లు కూడా ముట్టకుండా, పొద్దున్నే మెట్రో ఎక్కి ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ తలెత్తకుండానే అడిగింది, "వెంట ఎవరొచ్చారు సార్?" అని. ఎవరూ రాలేదన్నాను. మత్తు ఇస్తారు కాబట్టి మనిషి ఉండాల్సిందే అంది. మా ఆవిడ, పిల్లలు ఊరెళ్లారు. ఫోన్లో నాలుగు వందల పైచిలుకు నంబర్లున్నాయి. కుర్చీలో కూర్చుని ఒక్కో పేరూ జరుపుతూ పోయాను. ఒకరు ఆఫీసుకు బయల్దేరుతుంటారు, ఒకరు మియాపూర్ నుంచి రావాలి, ఒకరితో మాట్లాడి రెండేళ్లయింది, ఇంకొకరు అడిగితే వస్తారు గానీ అడగడానికి నాకే మొహమాటం. చివరికి డేటు మార్పించుకుని, కింద క్యాంటీన్లో ఇడ్లీ తిని ఇంటికొచ్చేశాను. మళ్లీ వెళ్లేసరికి నాలుగు నెలలు దాటింది.

పెద్ద జబ్బేమీ కాదు, చిన్న అల్సర్ బయటపడింది. అల్సర్ కాకుండా ఇంకేదైనా అయ్యుంటే ఆ నాలుగు నెలల లెక్క వేరేగా ఉండేది. మనుషులతో ఉన్న సంబంధాలు ఒంటి మీద ఎలా పనిచేస్తాయని ఎవరైనా అడిగితే, హార్మోన్ల కంటే ముందు నాకు ఆ కౌంటరే గుర్తొస్తుంది.

నలుగురితో కలిసి ఉంటే ఆరోగ్యం బాగుంటుందని మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు కదా అనొచ్చు. చెప్పారు. ఎంత తేడా వస్తుంది, ఏ దారిన వస్తుంది, ఏ సంబంధం మేలు చేస్తుంది, ఏది ప్రాణం తోడేస్తుంది అన్నవి మాత్రం చెప్పలేదు. పెద్ద ఎత్తున ఆ లెక్క తీయడం మొదలై అరవై ఏళ్లయింది.

1965లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, అలమీడా కౌంటీలో దాదాపు 7 వేల మందిని కొన్ని ప్రశ్నలు అడిగారు. పెళ్లయిందా, స్నేహితులు, చుట్టాలు ఎంతమంది, చర్చికి వెళ్తారా, ఏదైనా సంఘంలో ఉన్నారా. తర్వాత తొమ్మిదేళ్ల పాటు వాళ్లలో ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని చూశారు. లీసా బెర్క్‌మన్, లెనార్డ్ సైమ్ 1979లో ఆ ఫలితాలు ప్రచురించారు. బంధాలు బాగా తక్కువగా ఉన్నవాళ్లలో మరణాలు, ఎక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే, మగవాళ్లలో 2.3 రెట్లు, ఆడవాళ్లలో 2.8 రెట్లు. సిగరెట్టు, మందు, ఒళ్లు, వ్యాయామం అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా చెరిగిపోలేదు.

2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం అలాంటి 148 అధ్యయనాలను ఒకచోట చేర్చింది. మొత్తం 3 లక్షల మందికి పైనే. గట్టి సంబంధాలు ఉన్నవాళ్లు అధ్యయనం ముగిసేసరికి బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. పేపర్లలో వచ్చింది ఆ 50 శాతమే. నాకు మాత్రం దాని లోపలి ముక్క ఆసక్తిగా అనిపించింది. "ఒంటరిగా ఉంటున్నారా, ఎవరితోనైనా ఉంటున్నారా" అనే ఒక్క ప్రశ్నతో కొలిస్తే ఆ తేడా 19 శాతమే. పెళ్లి, స్నేహాలు, సంఘాలు, రాకపోకలు అన్నీ కలిపి కొలిస్తే 91 శాతం! 2015లో మరిన్ని అధ్యయనాలు కలిపి చూసినప్పుడు ఒంటరి నివాసం తెచ్చే ముప్పు 32 శాతంగా తేలింది కాబట్టి దాన్నీ కొట్టిపారేయలేం. అదే లెక్కలో చుట్టూ మనుషులు లేకపోవడం 29 శాతం ముప్పు తెస్తే, ఎవరూ లేరని అనిపించడం 26 శాతం తెచ్చింది. రెండూ ఒకటి కాదు. నలభై మంది తిరిగే ఇంట్లో ఒంటరి ఉండొచ్చు. ఒక్కతే ఉండే పెద్దావిడకు ఏ లోటూ తెలియకపోవచ్చు.

అంటే "సంబంధం" అని మనం ఒక్క మాటలో అనేది ఒంటికి ఒకే దారిన చేరడం లేదు. నాకు అర్థమైనంతలో కనీసం మూడు తాళ్లు పెనవేసుకుని ఉన్నాయి. ఎవరైనా ఆరోగ్యం, అనుబంధం అని మొదలుపెట్టగానే మాట చిక్కుపడేది కూడా ఈ మూడింటినీ కలిపేయడం వల్లే.

మొదటిది ఆ కౌంటర్లో నాకు దొరకని మనిషి. ఇందులో శాస్త్రం పెద్దగా లేదు, కాళ్లూ చేతులూ ఉన్నాయి. పక్షవాతం వచ్చినప్పుడు మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే మామూలుగా నాలుగున్నర గంటల్లోపు చేరాలి. మాట పడిపోయిన మనిషి తనకు తాను ఫోన్ చేసుకోలేడు. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన 108 ఎంత వేగంగా వచ్చినా, ఆ మూడు అంకెలు నొక్కే వేలు ఒకటి కావాలి. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల ఆవరణలో దుప్పట్లు పరుచుకుని పడుకునే జనాన్ని చూసి "ఒక్క పేషెంటుకు ఇంతమందా" అని విసుక్కుంటాం. రిపోర్టు తెచ్చేది, రక్తం ఇచ్చేది, నర్సును పిలిచేది, "అయ్యా, ఈయనకు పెన్సిలిన్ పడదు" అని చెప్పేది ఆ దుప్పటి మీదివాళ్లే.

రెండో తాడు అలవాట్లది. దీన్ని మా బాబాయి ఇంట్లో చూశాను.

వనస్థలిపురంలో ఉండేవారు. పిన్ని పోయిన పదిహేను రోజులకు వెళ్తే, డైనింగ్ టేబుల్ మీద స్టీలు డబ్బా తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. లోపల సగం సగం కత్తిరించిన మందుల అట్టలు. కొన్నింటి మీద పేరున్న వైపు చిరిగిపోయింది. "ఈ తెల్లది బీపీదా, షుగర్‌దా?" అని నన్నడిగారు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాత్రలు వేసుకుంటున్న మనిషి! పిన్ని పొద్దున టిఫిన్ పళ్లెం అంచున రెండు, రాత్రి మజ్జిగ గ్లాసు పక్కన ఒకటి పెట్టేది. ఆయన చూడకుండా మింగేవారు. ఉప్పు తగ్గించిందీ, పాదాలు చూసి పుండు ఉందా అని అడిగిందీ, కొడుకుకు ఫోన్ చేసి "మీ నాన్న మళ్లీ స్వీటు తిన్నాడు" అని పితూరీ చెప్పిందీ ఆమే. చుట్టాలతో మాట్లాడేది కూడా ఆమే. బాబాయికి పాతికమంది చుట్టాలున్నారు అనుకునేవాళ్లం. నిజానికి ఆ పాతికమందీ పిన్ని మనుషులు.

బ్రిటన్‌లో 55 ఏళ్లు దాటి భార్యను పోగొట్టుకున్న 4,486 మందిని గమనించిన అధ్యయనం ఒకటి 1969లో వచ్చింది. మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు, అదే వయసు పెళ్లయిన మగవాళ్లతో పోలిస్తే, దాదాపు 40 శాతం ఎక్కువ. ఎక్కువగా గుండెజబ్బులే. బెంగతో గుండె పగిలింది అనుకోవడం తేలిక. బెంగ ఉంటుంది, కాదనను. కానీ ఆ ఆరు నెలల్లో మాత్రల డబ్బా సంగతి కూడా ఉంటుందని నాకు గట్టి అనుమానం.

మూడో తాడు ఒంటి కాపలాది, అన్నిటికంటే చిత్రమైనది. దీన్ని చెప్పడానికి సికింద్రాబాద్ స్టేషన్ నుంచి రాత్రి రైలు ఎక్కాలి. ఒంటరిగా ప్రయాణిస్తే బ్యాగు తల కింద పెట్టుకుని, పట్టీ చేతికి చుట్టుకుని పడుకుంటాం. కాజీపేటలో ఎవరో ఎక్కిన చప్పుడుకు మెలకువ, డోర్నకల్‌లో మళ్లీ మెలకువ. అదే బెర్తు మీద, అదే రైల్లో, ఇంట్లోవాళ్లతో వెళ్తే విజయవాడ వచ్చిందని లేపాలి. నిద్రపోయిన గంటలు ఒకటే కావచ్చు, ఒళ్లు పొందిన విశ్రాంతి ఒకటి కాదు. ఒంటరితనం మీద జీవితమంతా పనిచేసిన జాన్ కాసియోపో చెప్పింది దాదాపు ఇదే. ఆకలి, దాహం లాగే ఒంటరితనం కూడా ఒక హెచ్చరిక అనేవారాయన. గుంపు నుంచి విడిపోయిన జీవికి ఆపద ఎక్కువ కాబట్టి ఒళ్లు కాపలాకు లేస్తుంది. ఒంటరితనం ఎక్కువగా ఉన్నవాళ్ల నిద్రలో చిన్న చిన్న మెలకువలు ఎక్కువని ఆయన బృందం కొలిచి చూపింది.

2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది పెళ్లయిన ఆడవాళ్లను ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, కాలి చీలమండ దగ్గర చిన్న కరెంటు షాక్ తగలొచ్చని చెప్పింది. ఒకసారి భర్త చెయ్యి పట్టుకున్నారు, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి, ఒకసారి ఎవరి చెయ్యీ లేదు. భర్త చెయ్యి అందినప్పుడు బెదురుకు స్పందించే మెదడు భాగాలు నెమ్మదించాయి. తెలియని చెయ్యి కూడా కొంత పనిచేసింది. అయితే భర్త చెయ్యి అందరికీ ఒకేలా పనిచేయలేదు. కాపురం సజావుగా ఉన్నవాళ్లలో నెమ్మదింపు ఎక్కువ.

ఆ బెదురు రోజుల తరబడి ఉంటే ఏమవుతుంది? అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. నిజంగా కుక్క వెంటపడినప్పుడు అవి మంచివే. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పెంచి పరిగెత్తిస్తాయి. కుక్క లేకుండానే ఏళ్ల తరబడి పరిగెత్తే ఒంట్లో కార్టిసాల్ మాట రోగనిరోధక కణాలు వినడం మానేస్తాయి. వాపును, అంటే గాయానికో క్రిమికో స్పందించి ఒళ్లు లోపల రాజేసే మంటను, అదుపు చేసే బ్రేకు అరిగిపోతుంది. 2007లో స్టీవ్ కోల్ బృందం 14 మంది రక్తకణాల్లో జన్యువుల పనితీరు చూస్తే, ఒంటరితనం తీవ్రంగా ఉన్నవాళ్లలో వాపు పుట్టించే జన్యువులు చురుగ్గా, వైరస్‌లను ఎదుర్కొనే జన్యువులు మందకొడిగా ఉన్నాయి. ఒంటరి జీవికి గాయాలు తగిలే అవకాశం ఎక్కువ కాబట్టి ఒళ్లు గాయాలకు సిద్ధమవుతుందని, గుంపులో తిరిగే జీవికి అంటువ్యాధులు ఎక్కువ కాబట్టి వైరస్‌లకు సిద్ధమవుతుందని కోల్ ఊహ. 14 మంది మరీ చిన్న సంఖ్య. తర్వాతి అధ్యయనాల్లోనూ ఇలాంటి పోకడే కనిపించింది కాబట్టి ప్రస్తావిస్తున్నాను. సన్నగా రాజుకుంటూ ఉండే ఈ వాపే రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకోవడానికి, షుగర్ ముదరడానికి దారి తీస్తుంది.

షెల్డన్ కోహెన్ అనే పరిశోధకుడు ఇంకా సూటిగా వెళ్లారు. 1997లో ఆయన బృందం 276 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి, ఎవరికి జలుబు చేస్తుందో చూసింది. ముందుగా ఒక్కొక్కరికీ ఎన్ని రకాల సంబంధాలున్నాయో రాసుకుంది. జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, స్నేహితులు, ఇరుగుపొరుగు, సహోద్యోగులు, ఇలా 12 రకాలు. ఆరు రకాలు, అంతకు మించి ఉన్నవాళ్లతో పోలిస్తే మూడు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు జలుబు ముప్పు 4.2 రెట్లు. ఇక్కడ లెక్కపెట్టింది రకాలను. గచ్చిబౌలిలో ఒకే ఫ్లోర్‌లో నలభై మందితో కలిసి పనిచేసి, వాళ్లతోనే తిని, వాళ్లతోనే వీకెండ్ గడిపే కుర్రాడికి ఈ లెక్కలో ఉన్నది ఒక రకం. ఉద్యోగం మారిన రోజు అది కూడా జీరో. చీటీ పాటకు, గుడికి, వాకింగ్‌కు, అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో కొట్లాటకు వెళ్లే మా వీధి రిటైర్డ్ టీచర్‌గారు ఆరు దాటేస్తారు.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఉమ్మడి కుటుంబం పోయింది కాబట్టే ఈ జబ్బులన్నీ అంటారు. నేను ఒప్పుకోను. కాపలా దించే మనిషి ఉన్నట్టే, మనం కాపలా కాయాల్సిన మనిషి కూడా ఇంట్లోనే ఉంటాడు. జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం 42 జంటల చేతుల మీద చిన్న బొబ్బలు తెప్పించి, అవి మానే వేగాన్ని కొలిచింది. జంట సామరస్యంగా మాట్లాడుకున్న విడతలో గాయం త్వరగా మానింది, గొడవపడిన విడతలో ఆలస్యమైంది. ఎప్పుడూ ఎత్తిపొడుపులతో మాట్లాడుకునే జంటల గాయాలు మానే వేగం మిగతావాళ్ల వేగంలో 60 శాతమే. అది 2005 నాటి ఫలితం. అంతకు పదేళ్ల ముందు అదే పరిశోధకురాలు, మతిమరుపు జబ్బున్న ఇంటి పెద్దలకు సేవ చేస్తున్న ఆడవాళ్లలో చిన్న గాయం మానడానికి మిగతావాళ్ల కంటే తొమ్మిది రోజులు ఎక్కువ పట్టడం చూసింది.

ఉమ్మడి కుటుంబాన్ని పొగిడేటప్పుడు ఈ తొమ్మిది రోజులు ఎవరి ఒంట్లోంచి వచ్చాయో చూడాలి. మంచంలో ఉన్న అత్తగారికి రెండు గంటలకోసారి పక్క మార్చే కోడలు రాత్రి ఎలా పడుకుంటుంది? రైల్లో బ్యాగు తల కింద పెట్టుకున్నట్టే. ఇల్లు నిండుగా ఉంది. అత్తగారికి మూడు తాళ్లూ అందాయి. ఆ మూడూ పట్టుకున్నది ఒక్క మనిషి.

సరే, ఇదంతా నిజంగా కారణమేనా అన్నది ఇంకో చిక్కు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవిని చూశారు. కారణం కంటికి కనబడింది. స్నేహం లేకపోవడాన్ని స్లైడు మీద పెట్టలేం. ఒక వెయ్యి మందికి స్నేహితులను ఇచ్చి, ఇంకో వెయ్యి మందికి తీసేసి పదేళ్లు చూడలేం. పైగా బాణం రెండో వైపు కూడా తిరుగుతుంది. మోకాళ్ల నొప్పితో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండే మనిషి చుట్టాలింటికి వెళ్లడం మానేస్తాడు. వినికిడి తగ్గిన పెద్దాయన పెళ్లిళ్లలో మాట కలపలేక మూలన కూర్చుంటాడు. అక్కడ జబ్బు ముందు, ఒంటరితనం వెనక. 2024లో బ్రిటన్‌లోని భారీ ఆరోగ్య సమాచారాన్ని జన్యువుల ఆధారంగా పరిశీలించిన ఒక బృందం, ఒంటరితనంతో ముడిపడి కనిపించిన జబ్బుల్లో చాలావాటికి అది నేరుగా కారణం కాకపోవచ్చని తేల్చింది. పేదరికం, డిప్రెషన్, సిగరెట్టు వంటివి రెండింటినీ కలిపి లాగుతుండొచ్చు.

అందుకే వాట్సాప్‌లో తిరిగే "ఒంటరితనం రోజుకు 15 సిగరెట్లతో సమానం" అన్న మాటను నేను ఫార్వర్డ్ చేయను. అప్పట్లో అమెరికా సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యం మీద ఆ ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టర్‌గా ఉన్న వివేక్ మూర్తి 2023 నివేదికతో బాగా ప్రచారమైన పోలిక అది. రెండు వేర్వేరు అధ్యయనాల అంకెలను పక్కపక్కన పెట్టడం వల్ల పుట్టింది. జనం దృష్టి తిప్పడానికి పనికొస్తుంది, ఒక మనిషికి డోసు చెప్పడానికి పనికిరాదు. రోజంతా స్నేహితులతో ఇరానీ హోటల్లో కూర్చుని పది సిగరెట్లు కాల్చేవాడు ఈ పోలిక విని సంతోషించే ప్రమాదం కూడా ఉంది.

ఇంకో చేదు నిజం. గుండెపోటు వచ్చి, డిప్రెషన్‌తోనో అండ లేకుండానో ఉన్న 2,481 మందిని తీసుకుని అమెరికాలో ఎన్రిచ్డ్ అనే ట్రయల్ చేశారు. సగం మందికి కౌన్సెలింగ్ ఇచ్చారు. 2003లో వచ్చిన ఫలితం చూస్తే మనసు కొంత కుదుటపడింది, అండ ఉందన్న భావన కొంచెం పెరిగింది, మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. సంబంధాన్ని ఆరు నెలల కోర్సు లాగా చీటీ మీద రాసివ్వలేమని నాకు దీన్నిబట్టి అనిపిస్తుంది. పిన్ని పళ్లెం అంచున పెట్టిన మాత్ర వెనక ముప్పై ఏళ్ల కాపురం ఉంది. అలా అని సంబంధాలే పనికిరావని అర్థం కాదు. ఇచ్చింది కౌన్సెలింగే తప్ప మనుషులను కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం ఉంది. దాంతో ముడిపడిన మరణాలు ఏడాదికి 8 లక్షల 71 వేలని అంచనా. పైన చెప్పిన అనుమానాలన్నీ ఆ అంచనాకూ వర్తిస్తాయి. అయినా ఒంటరితనం ముసలివాళ్ల సమస్య అనుకునేవాళ్లు ఆ నివేదికలో ఇంకో ముక్క చూడాలి. 13 నుంచి 29 ఏళ్లవాళ్లలో 17 నుంచి 21 శాతం మంది ఒంటరిగా అనిపిస్తోందన్నారు. అమీర్‌పేట హాస్టల్లో నలుగురున్న గదిలో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్న పిల్లవాడు నాకు కళ్లముందు కనబడతాడు. జ్వరమొస్తే ఊళ్లో అమ్మ ఫోన్లో "పైలం బిడ్డా" అంటుంది. థర్మామీటర్ ఎవరు తెస్తారు?

ఇందిరా పార్కులో పొద్దున నడిచేవాళ్ల గుంపు ఒకటి నాకు తెలుసు. పెద్ద స్నేహాలేమీ కావు, ఒకరి ఇంటికి ఒకరు వెళ్లరు. రాజకీయాలు, కూరగాయల ధరలు, మోకాళ్లు. కానీ ఒక మనిషి రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఫోన్ వెళ్తుంది. అలా ఒకసారి ఫోన్ ఎత్తకపోతే ఇద్దరు ఆటో ఎక్కి దోమల్‌గూడలో ఆయన ఇంటికి వెళ్లారు. వైరల్ జ్వరంతో పడుకుని ఉన్నారట, రెండు రోజులుగా బిస్కెట్లే.

నా ఎండోస్కోపీ సంగతి మిగిలింది. నాలుగు నెలల తర్వాత మా ఆవిడకు సెలవు దొరకలేదు. కింది ఫ్లోర్‌లో ఆరేళ్లుగా ఉంటున్న ఒకాయన, లిఫ్టులో "నమస్తే" తప్ప ఎప్పుడూ మాట్లాడని మనిషి, పార్కింగ్‌లో కనబడితే సిగ్గు విడిచి అడిగాను. "దానికేముందన్నా, రేపు నాకు సెకండ్ షిఫ్టే" అన్నారు. కౌంటర్లో ఈసారి వేరే అమ్మాయి. "వెంట ఎవరొచ్చారు?" అంది. ఆయన ముందుకొచ్చారు. "పేషెంటుకు మీరేమవుతారు సార్?" అనడిగింది. ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. "కింది ఫ్లోర్" అన్నారాయన. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "ఇతరులు" అన్న గడిలో టిక్కు పెట్టింది.